మా నాయన పేరు మీద బియ్యం

మా చిన్నప్పుడు… పొద్దు పొడవగానే మా అమ్మ వాకిట్లో ఒక ధోతి ఉతికేది. కట్టుకునే మనిషి లేని ధోతి…

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా మాటను మెత్తగా చేయొద్దని ముందే చెప్పాను.

నిజాం కాలం అది. నారాయణఖేడ్‌లో వానలు పడక, మా నాయన అమ్మనూ నన్నూ పట్నం తీసుకొచ్చాడు. పట్నం అంచున పాత వాడ. తాతల నాటి నుంచి పాతుకుపోయిన కుటుంబాలు… ఇంటింటికీ వేపచెట్టు, అరుగు, పిల్లల గోల. అర్ర, అంటే ఒక గది, కిరాయికి ఇచ్చేముందు ఇంటామె రాజమ్మ ఒక్కటే అడిగింది.

"మగదిక్కున్నదా? ఇది సంసారుల వాడ. ఒంటి ఆడోళ్లకు ఇయ్యం."

నాయన ఉన్నాడు. ఇచ్చింది.

ఎడ్లు అమ్ముకొస్తానని ఖేడ్ వెళ్లిన నాయన మళ్లీ రాలేదు. గత్తర, అదే కలరా, తగిలి రెండు వాంతులకే పోయాడని ఊరి బండాయన వచ్చి చెప్పిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడిస్తే వాడంతా వింటుంది… వింటే అర్ర పోతుంది. ఖేడ్‌లో గింజ లేదు, ఇల్లు కూలింది. ఇక ఎక్కడికి పోవాలి?

అందుకే బొట్టు తీయలేదు. గాజులు పగలగొట్టలేదు. రోజూ ఆ ధోతి ఉతికి, అందరికీ కనబడేలా దండెం మీద ఆరేసేది. నాయన రాత్రి వచ్చి తెల్లారకముందే పనికి పోతాడని వాడలో చెప్పేది.

"ఏమే, నీ మొగడు గాలిల నడుస్తడా ఏంది? ధోతికి ఇంత మన్ను గూడ అంటదు!" అని పక్కింటి లచ్చమ్మ నవ్వింది.

మర్నాటి నుంచి అమ్మ ధోతికి ముందు మట్టి పూసి, తర్వాత ఉతికేది. అది చూసి నేను పకపకా నవ్వాను… అమ్మ నవ్వలేదు.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య. ఇవ్వకపోతే పోయినవాళ్లు ఆకలితో వాకిట్లోనే నిలబడి ఉంటారని మావాళ్ల నమ్మకం. రాజమ్మ అరుగు మీద అయ్యగారు కూర్చున్నాడు. చుట్టూ వాడలోని ఆడవాళ్లు, చేతుల్లో పళ్లాలు.

"మీ మామ పేరు మీద నువ్వు గూడ ఇయ్యరాదే," అంది రాజమ్మ.

అమ్మ పళ్లెం పెట్టింది. "ఎవరి పేరమ్మా?" అన్నాడు అయ్యగారు. అమ్మ దండెం మీది ధోతి వైపు చూసింది. మళ్లీ అడిగాడు.

"సంగప్ప… నా పెనిమిటి."

మొగుడి పేరు నోట పలకకూడని రోజులవి. అమ్మ నోట ఆ పేరు నేను విన్నది అదొక్కసారే.

రాజమ్మ లేచింది. "బొట్టు పెట్టుకోని ఇన్ని దినాలు మమ్ముల మోసం చేసినవా? ఖాళీ చెయ్యి, జల్దీ!"

"అక్కా, నేను, నా బిడ్డ ఒక్క కుండల తింటున్నం. గిది సంసారం గాదా?"

ఆడవాళ్లు తమ పళ్లాలు సర్దుకున్నారు. లచ్చమ్మ కూడా తల తిప్పుకుంది. పొద్దు గూకకముందే మా కుండలు బజారులో ఉన్నాయి. ఆ చలికాలం మేం ఎక్కడ తల దాచుకున్నామో… అది చెప్పను.

ఇప్పుడు నేనుండే కాలనీ కూడా పట్నం అంచునే. నిన్న మా ఖేడ్ పక్కనున్న కంగ్టి నుంచి చంటిబిడ్డతో ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మొగుడు లేడని తెలియగానే "ఫ్యామిలీలకే ఇస్తాం" అని కమిటీవాళ్లు గేటు దగ్గరే పొమ్మన్నారు. కొడుకు ఇంట్లో నాకున్నది ఒక్క గది. తీసుకొచ్చి అందులో ఉంచాను. రేపు కమిటీవాళ్లు వచ్చి నా కొడుకును నిలదీస్తారట. వాడు వాళ్లకు తల వంచుతాడేమోనని నా భయం…

మట్టిగోడలు పోయి మేడలొచ్చాయి… ఇంటామె పోయి కమిటీ వచ్చింది… అర్ర అడిగిన ఆడదాన్ని ముందుగా అడిగే మాట మాత్రం మారలేదు. మీ వాడలో ఏమడుగుతారు? మిమ్మల్ని ఎవరైనా అలా అడిగారా? రేపటిలోగా చెప్పండి… వాళ్ల ముందు నేనొక్కదాన్నే నిలబడలేను.