నేల మీద నీళ్లు పోసిన మేస్త్రి

ఆ రోజుల్లో నా చేతికి పలక రాలేదు, నాపరాయి వచ్చింది. బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీకి అమ్మ పోతే, ఆమె వెంట నేనూ బండలు మోయడానికి పోయాను. అక్షరాలు మొన్న మొన్న, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ నోట్లోనే ఉండిపోయింది.

మా వైపు మేస్త్రి అన్న మాట ఎవరికైనా సరిపోతుంది. గోడ కట్టేవాడు మేస్త్రి. లారీ కింద దూరి బోల్టులు బిగించేవాడు మేస్త్రి. పెండ్లిలో అన్నం వండేవాడు వంట మేస్త్రి. కూలీలను పిలుచుకుపోయి, గొడుగు కింద నిలబడి అరిచేవాడూ మేస్త్రే. అందుకే మా మామ (అమ్మకు తమ్ముడు) ఓర్వకల్లు నుంచి సంబంధం తెచ్చి, "పిల్లోడు మేస్త్రి" అని ఊరుకోగానే ఇంటిల్లిపాదికీ అనుమానం పట్టుకుంది. "ఏం మేస్త్రి అప్పా?" అని నాయన అడిగితే, "పెద్ద మేస్త్రి బావా" అన్నాడు. (ఆయనకూ తెలియదని నాకప్పుడే అనుమానం.)

నాయనను వెనక ఒక కూలీల మేస్త్రి మంగంపేట గనుల్లో పనుందని పిలుచుకుపోయి, అక్కడ వదిలేసి మాయమయ్యాడట. "అట్లాంటోనికి నా కూతుర్నిచ్చేది లేదు" అన్నాడు. నాకూ అదే బెంగ. పొద్దంతా ఒక మేస్త్రి ఈల కింద బతికేదాన్ని. ఇంటికి పోయినా ఈలేనా?

చూపుల రోజు అతన్ని వసారాలో చాప మీద కూర్చోబెట్టి, దొంగను చూసినట్టు చూశాం. "తెల్లసొక్కాకు సిమెంటు మరక ఒకటన్నా ఉండాదా? కూలోళ్ల మేస్త్రే" అని నాయన గొణిగాడు. అతను ఉగ్గాని ఒక ముద్ద తిని "ఉప్పు సరిపోయింది" అన్నాడు. అవ్వ నా డొక్కలో పొడిచింది: "వంటోడే మే!" నేను ఎదురుగా వచ్చి నిలబడితే నన్ను చూడడే! నేలనే చూస్తున్నాడు. చూసి చూసి, లోటాలోని నీళ్లు బండల మీద మెల్లగా వంపాడు.

"తాగొచ్చినాడా ఏంది?" అంది అవ్వ. నీళ్లు వాకిలి వైపు పోకుండా, లోపలి గడప దగ్గరికి పాకాయి. "వాటం తప్పింది మామా. వానొస్తే నీళ్లు ఇంట్లేకే గదా?" అన్నాడతను.

ఆ వసారా నాయన సొంత చేతులతో పరిచినది. "అప్పుడే మామ అంట! నా ఇంటికొచ్చి నా బండలకు వంకలు పెడతాండావా? పోప్పా, పో!" అని లేచాడు. సంబంధం తెచ్చిన మా మామ అతన్ని చేయి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. పోతూ కూడా ఆ మనిషి తడి వైపే చూశాడు, నా వైపు కాదు.

నాకు మాత్రం అనుమానం తీరింది. వానాకాలమంతా ఆ గడప దగ్గర నీళ్లు ఎత్తిపోసేది నేనే. గొడుగు కింద నిలబడేవాడికి అవి ఎటు పోతే ఏం పట్టింది? (ఇది రాస్తుంటే పక్కన కూర్చుని, "నా గురించేనా?" అని అనుమానంగా చూస్తున్నది ఆ మనిషే. ఆయనకు చదువు రాదు. నేను చెప్పను.)

మర్నాడు పొద్దున నాయన వసారాలో ఇంకా పడుకునే ఉన్నాడు. నిండు బిందె తెచ్చి వాకిలి అంచున కుమ్మరించాను. నీళ్లు నేరుగా ఆయన వీపు కిందికి పోయాయి.

"ఏంది మే ఇది?"

"ఆ మేస్త్రి మాట నిజమో అబద్ధమో సూస్తాండా నాయనా."

ఆయన పంచె పిండుకుంటూ శానాసేపు గడపనే చూశాడు. తర్వాత లోపలున్న అమ్మకు వినపడేలా కేకేశాడు: "నీ తమ్మునికి చెప్పు, ఆ పిల్లోన్ని మళ్లీ పిల్చకరమ్మని. ఈసారి తెల్లసొక్కా వద్దు, తాపీ తీసుకోని రమ్మను."

నేను ఖాళీ బిందె చంకన పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు బోరింగు దగ్గరికి పోయాను. ఆ పిల్లను నేనేనా, అంత నిబ్బరంగా నడిచానా అని ఇప్పుడు నాకే అనుమానం.