రష్యా గొడవ వదలని మాస్టారు

బాపట్ల మాస్టారు పోయారని, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి ఉండగా ఫోను వచ్చింది. మీటింగుల్లో వాక్యం చెప్పుకు తిరిగే నా బైబిలు సంచీ భుజానే ఉంది. తెరవబుద్ధి కాలేదు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన ఆయన, బడి మధ్యలో మానేసిన నాకు వాక్యం పక్కన చరిత్ర పెట్టుకుని చదవడం నేర్పారు. "యూదుల్ని బానిసలు చేసిన ఫరో రాజు చచ్చాడనుకోకయ్యా, ఆఫీసు మార్చుకున్నాడంతే" అనేవారు.

మా వైపు గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని ప్రసంగిస్తారు. రేపల్లె గుడిలో మొదటిది, క్షమించమన్న మాట, ఎప్పుడూ మాస్టారిదే. ఒక సంవత్సరం ఆరాధన మొదలుపెడుతూ సంఘపెద్ద, యూదులు దేశదేశాల్లో తన్నులు తిన్నది ప్రభువును చంపించిన పాపానికేనన్నాడు. మాస్టారు లేచారు.

"పెద్దయ్యగారూ, రష్యాలో జార్ ప్రభుత్వం కూడా తప్పు వాళ్ళదేనందండి," అన్నారు మెల్లగా.

పడమటి జిల్లాలు దాటి కాపురం ఉండకూడదని యూదులకు హద్దు గీసిందట. బడుల్లో ఇంతమందికి మించి వద్దందట. అల్లరిమూకలు వాళ్ళ కొట్లు దోచి ఇళ్ళు తగలబెడితే, వాళ్ళ వ్యాపారమే జనానికి కోపం తెప్పించిందని దొరలు తీర్పు చెప్పి, దెబ్బలు తిన్నవాళ్ళ మీదే కొత్త ఆంక్షలు పెట్టారట. ఆఖరికి శాసనసభకు ఓటు ఇచ్చి కూడా ఆ హద్దు చెరపలేదట.

"మన పేటల్ని ఊరవతల పెట్టినవాళ్ళు కూడా ఏదో కారణం చెప్పే ఉంటారు గదండి," అని కూర్చున్నారు.

గుడి బయట పెద్దయ్య ఆపాడు. "సిలువ కాడ రష్యా గొడవేంటి మాస్టారూ?"

"క్షమించమన్న చోట కర్ర అందిస్తున్నారు. అదేనండి గొడవ."

మరుసటి సంవత్సరం రష్యా ఎత్తనంటేనే మొదటి మాట ఇస్తామని కబురు చేశారు. ఎత్తుతానని తిరుగు కబురు చేశారు మాస్టారు. గుడివాళ్ళు ఆ మాట ఇంకొకరికిచ్చేశారు. ఆ రోజు దప్పికగొన్నానన్న ఐదో మాట నాది. లేచి, నా వంతు మాస్టారికిస్తున్నానన్నాను. ఆయన రష్యానే ఎత్తారు. ఇద్దరినీ మళ్ళీ పిలవలేదు. తిరుగు బండిలో జామకాయ కొరుకుతూ, నా మీటింగులు పోయినట్టేనని నవ్వారాయన. పోతే పోయాయి. యూదుల్ని చంపమని బైబిల్లో హామాను రాయించిన తాకీదుకు ఆమెన్ చెప్పే నోరు దేవుడు నాకివ్వలేదు.

బాపట్ల సమాధుల దొడ్డిలో అదే పెద్దయ్య నా పక్కకొచ్చి, "నాలుగు మంచి ముక్కలు చెప్పబ్బాయ్. రష్యా మాత్రం వద్దు," అన్నాడు.

రష్యా నుంచే మొదలుపెట్టాను. హద్దు, బడి, తగలబడ్డ ఇళ్ళు, ఒక్కటీ వదల్లేదు. మట్టి తోయడానికి వచ్చినవాళ్ళు పారలకు ఆనుకుని నిలబడిపోయారు. పెట్టె మీద వేయడానికి పెద్దయ్య అప్పటికే గుప్పెడు మట్టి తీసుకున్నాడు. నేను ముగించేదాకా ఆ చెయ్యి చాచే ఉంది. వేళ్ళ సందుల్లోంచి మట్టి ఆయన తెల్ల పంచె మీద రాలుతూనే ఉంది.