సువార్తమ్మత్త, లోకాంతం సీరియల్

మా చిన్నప్పుడు లోకాంతం నెలకోసారి పోస్టులో వచ్చేది...

తొంభైల నాటి మాట. రాజోలు దగ్గర మా ఊళ్ళో మా నాయనమ్మ ఒక క్రైస్తవ మాసపత్రిక తెప్పించుకునేది. అందులో కడవరి దినాల గురించి ఒక సీరియల్. నేను ఐదో తరగతిలో ఉండగా మొదలైంది, హైస్కూలుకొచ్చినా అవ్వలేదు. నాయనమ్మకి కళ్ళు ఆనవు కాబట్టి పైకి చదివే పని నాది. ఆదివారం ఆరాధన అయ్యాక వీధిలో ఆడవాళ్ళు మా అరుగు మీద చేరేవారు. చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు చీరుకుంటూ వినేవారు...

కథ ఏమిటంటే... ఒకరోజు విశ్వాసులందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే పరలోకానికి ఎత్తబడిపోతారు. లిల్లీ అనే ఆవిడ వంట చేస్తూ చేస్తూ మాయమైపోతుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది. దేవుణ్ణి నమ్మని ఆవిడ భర్త ప్రకాశం ఒక్కడూ మిగిలిపోతాడు. ఇక అక్కణ్నుంచి నెలనెలా అతని కష్టాలే...

ఇది కథో, జరగబోయే సంగతో మాకెవరికీ సరిగ్గా తెలిసేది కాదు. "బైబిల్లో ఉన్నదే గదమ్మా" అనేది నాయనమ్మ. "ప్రకాశం పేరు బైబిల్లో ఎక్కడుందండీ?" అనేది పక్కింటి మేరీ పిన్ని. పాస్టరుగారిని అడిగితే, "వాక్యం నిజవేనండి... సీరియల్ మట్టుకు సీరియలండి" అన్నారు. వాక్యం ఎక్కడ ఆగి సీరియల్ ఎక్కడ మొదలవుతుందో ఆయనా చెప్పలేదు.

అందరికన్నా కంగారుపడింది ఎదురింటి సువార్తమ్మత్త. ఆవిడ భర్త సూర్రావు మావయ్య కొబ్బరితోట కౌలుకి చేసేవారు. ఆదివారం అత్తని సైకిల్ మీద చర్చి దాకా దించేవారు కానీ లోపలికి వచ్చేవారు కాదు. రమ్మంటే, "మా ఇంటి దేవుడు ఏవనుకుంటాడో" అని నవ్వేసేవారు.

ఒక నెల కథలో ప్రకాశం ఆకలికి తాళలేక గంజి కాచుకోబోయి చెయ్యి కాల్చుకున్నాడు. అది విన్న మర్నాడే అత్త మావయ్యకి వంట నేర్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకే ఇదంతా?"

"నేను ఉన్నట్టుండి ఎల్లిపోతే మీరేం తింటారండీ?"

ఆవిడ పుట్టింటికి వెళ్తానంటోందనుకున్నారు మావయ్య. "ఎల్తే ఎల్లు... నాలుగు రోజులుండి వచ్చేయ్" అన్నారు.

"తిరిగొచ్చే చోటు కాదండి అది" అంది అత్త.

ఆయన ఏమీ అర్థంకాక మా ఇంటికొచ్చి నన్నడిగారు. "ఏమ్మా... మీ అత్త ఎక్కడికెల్తానంటంది?" నేను సీరియల్ సంగతి చెప్పాను. "మరి నన్నెందుకు తీసుకెల్లదంట?" అన్నారు మావయ్య.

అయినా నేర్చుకున్నారు. గంజి, అన్నం, పప్పుచారు... చివరికి చేపల పులుసు దాకా వచ్చారు.

ఆ తర్వాత తుఫాను. కోనసీమవాళ్ళకి ఆ తుఫాను ఏదో చెప్పక్కర్లేదు... సాయంత్రం గాలి మొదలయ్యేటప్పటికి అత్త మా ఇంట్లో ఉంది, మావయ్య తోటలోని పాకలో ఉన్నారు. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. అత్తావాళ్ళ ఇంటికి కప్పు లేదు. తోట దాకా వెళ్ళొచ్చిన మా నాన్న, పాకా లేదు, మావయ్యా లేరన్నారు.

అత్త ఏడవలేదు. మా గుమ్మంలో కూర్చుని నాయనమ్మని అడిగింది. "పెద్దమ్మగారూ... ప్రభువారు ఆయన్ని తీసుకెల్లిపోయి నన్నొదిలేసేరేంటండీ?"

"అలాంటిదేం కాదులేమ్మా, ఎక్కడో ఉండుంటాడు..."

"మరి మీరూ ఉండిపోయేరు గదండీ" అంది అత్త.

మేమందరం మిగిలిపోయినవాళ్ళమేనా... పాస్టరుగారు ఉన్నారో లేరో చూస్తే తేలిపోతుందనిపించింది నాకు. అత్త చెయ్యి పట్టుకుని, పడిన చెట్లు ఎక్కి దిగుతూ చర్చికి తీసుకెళ్ళాను.

మా వైపు గట్టి శ్లాబు ఉన్నది చర్చికే. లోపల ఊరు సగం ఉంది. పాస్టరుగారు తడిసిన బట్టలతో ఎవరి పిల్లనో ఎత్తుకుని తిరుగుతున్నారు. వెనక వరండాలో ఇటుకల పొయ్యి మీద పెద్ద గిన్నె... దాని దగ్గర సూర్రావు మావయ్య గంజి కలుపుతున్నారు.

అత్త తిన్నగా వెళ్ళి గిన్నెలోకి చూసింది. "ఉప్పేసేరా?"

"ఏసేను... నువ్వే చూసి చెప్పు."

అప్పుడు ఏడ్చింది అత్త. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "లోపలికొచ్చేరు గదండీ" అంది.

"తలుపు తీసుంది మరి" అన్నారు మావయ్య.

ఆ తర్వాత చాన్నాళ్ళు టపా రాలేదు. మళ్ళీ పత్రిక వచ్చేటప్పటికి మధ్యలో సంచికలు పోయాయి. తీరా చదివితే ప్రకాశం చనిపోయి ఉన్నాడు. ఎలా పోయాడో, నమ్ముకుని పోయాడో నమ్మకుండా పోయాడో ఒక్క ముక్క లేదు. నమ్మే పోయాడని నాయనమ్మ, లేదని మేరీ పిన్ని... అరుగు మీద పెద్ద వాదన. "సరిగ్గా చూడమ్మా" అని అత్త ఆ పేజీలే మళ్ళీ మళ్ళీ చదివించింది. మావయ్య కూడా గుమ్మానికి జేరబడి విన్నారు.

ఆయన తర్వాత చర్చికి వచ్చేవారు. కానీ వెనక వరండాలోనే కూర్చునేవారు. నమ్మారా అంటే... ఆయన చెప్పలేదు, అత్త అడగలేదు.

అత్త మొన్నామధ్య పోయింది. ఉన్నట్టుండి కాదు, నెమ్మదిగా... మంచం మీద మావయ్య కాచిన జావ తాగుతూ.

ఇప్పుడు ఎంత పెద్ద సీరియలైనా ఫోన్లో ఒక్క పూటలో చూసేస్తున్నాం. ఇది కథా, నిజమా అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటూ నెలంతా ఎదురుచూసే అరుగులు లేవు...

ఆ రోజుల్లో ఆ సీరియల్ చదివినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, ప్రకాశం చివరికి నమ్మాడో లేదో కాస్త చెప్పండి. మొన్న ఊరెళ్తే మావయ్య అడిగారు...