సరుకెంత, పొల్లెంత

తొంభైలలో జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో కణాలను పెంచడం నా పని. బతికించడం అనాలి, ఎందుకంటే అవి చావడానికి సాకు వెతుక్కునేవి. ఆ రకం కణాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారు చేసుకోలేవు. దూడ రక్తం నుంచి తీసిన సీరం పోస్తే అందులోంచి తీసుకుంటాయి. సీరం లేకుండానే వాటిని పెంచాలని మా సార్ పట్టుదల.

కొలెస్ట్రాల్ కొవ్వు కదా, నీళ్లలో కలవదు. స్పిరిట్‌లో కరిగించి పోస్తే ఆ స్పిరిటే కణాలకు విషం. అందుకని సార్ నీళ్లలో కరిగే కొలెస్ట్రాల్ తెప్పించారు. తెల్లటి పొడి. చక్కెర జాతి పదార్థాన్ని చుట్టలా చేసి, అందులో కొలెస్ట్రాల్‌ను కూర్చోబెడతారట. నీళ్లలో వేయగానే ఉప్పులా కరిగిపోయింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

లెక్క ప్రకారం తూచి రెండుసార్లు పోశాను. రెండుసార్లూ నాలుగో రోజుకల్లా కణాలు ముడుచుకుపోయాయి. గడ్డకట్టించి దాచిన కణాల గొట్టం ఇక ఒక్కటే మిగిలింది.

"ఇవి కూడా పోతే ఈ పని ఆపేద్దాం. నువ్వు మాత్రల పరీక్షకు వెళ్దువుగానీ" అన్నారు సార్, మెల్లగానే. మాత్ర ఎంతసేపటికి కరుగుతుందో చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఆయన మీద కంటే ఆ పొడి మీదే కోపం వచ్చింది.

ఆ వారం సంతకొచ్చిన బాపు, మా నాన్న, నా కిరాయి గదికి వచ్చాడు. గొర్లు కాసే మనిషి. భుజాన గొంగడి, చేతిలో జొన్నరొట్టెల మూట. నేను రొట్టె తుంచకుండా కూర్చుంటే ఏమైందని అడిగాడు.

"తూకం సక్కగనే ఏసిన బాపూ. అయినా సస్తున్నయి."

"గా పొడిల సరుకెంత, పొల్లెంత?"

"అంత సరుకే గద, బాపూ."

"ఓపారి కడగని గొర్ల ఉన్ని కొన్న. తూకం నిండుగనే ఉండె. మట్టి, జిడ్డు పోయినంక గొంగడి జానెడు తక్కువొచ్చింది. కడిగినంక మిగిలిందే ఉన్ని, బిడ్డా."

రొట్టె అక్కడే వదిలి ల్యాబుకు ఉరికాను. సీసా మీద రాసే ఉంది. పొడిలో కొలెస్ట్రాల్ కొంచెమే, మిగతాదంతా చక్కెర చుట్ట. మొత్తం పొడినీ కొలెస్ట్రాల్ అనుకుని తూచి, నేనే కణాలను పస్తు పెట్టాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

కొత్త లెక్కతో ఆఖరి గొట్టం తెరిచాను. నాలుగో రోజు గడిచింది. కణాలు బతికాయి, పెరిగాయి కూడా. సంగతి విని సార్, వచ్చే సంతకు బాపును తీసుకురమ్మన్నారు.

బాపు గొంగడి తలుపు దగ్గర మడిచిపెట్టి లోపలికొచ్చాడు. మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశాడు. గుండ్రటి కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

"మంద బాగ పెరిగింది. జాగా సాల్తలేదు. జర విడదియ్యి, బిడ్డా" అన్నాడు.

సార్ బల్ల మీది నా నోటుబుక్కు తెరిచారు. ఆ రోజు చేయాల్సిన పనిగా పొద్దున నేను రాసుకున్నది ఒక్క మాటే: కణాలను విడదీసి రెండు సీసాల్లో పోయాలి.