నేను లేని రెండు కిలోమీటర్లు

ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించింది జూన్‌లో ఒక ఆదివారం పొద్దున, కృష్ణ కరకట్ట మీద. అప్పుడే తెల్లవారుతోంది. యనమలకుదురు దగ్గర మొదలుపెట్టి పెదపులిపాక దాటాను. ఎడమ పక్క అరటితోటలు, కుడి పక్క లంక, దాని అవతల ఏరు. వాచీ ఏడు కిలోమీటర్లు చూపించింది. అప్పుడు బెల్లం పాకం మాడిన వాసన వచ్చింది.

చెరుకు ఆడే రోజుల్లో ఉయ్యూరు ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే తీపి వాసన రావడం మామూలే. కానీ అది జూన్. ఫ్యాక్టరీలో క్రషింగ్ లేదు. పైగా ఆ వాసన గాలితో వచ్చినట్టు లేదు, నా ముక్కులోనే పుట్టినట్టుంది. ఆ వెంటనే కడుపులో నుంచి ఏదో పైకి ఎగదన్నింది. ఉయ్యాల కిందికి దిగేటప్పుడు అవుతుందే, అలాగ. ఈ క్షణం ఇదివరకే ఒకసారి జరిగిపోయిందని, తర్వాత ఏం జరగబోతోందో నాకు తెలుసని అనిపించింది. తెలిసినదేమిటో మాత్రం అందలేదు.

మళ్లీ వాచీ చూసుకుంటే తొమ్మిది కిలోమీటర్లు. మధ్యలో రెండు కిలోమీటర్లు ఎటు పోయాయో నాకు తెలియదు.

నా పేరు కరుణ. నలభై మూడేళ్లు. కంకిపాడు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా ఆయన ప్రసాద్ కొండపల్లి పక్కన థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇల్లు పెనమలూరులో. అప్పటికి మూడు ఫుల్ మారథాన్లు పూర్తిచేశాను. అన్నిటికంటే మంచి టైము నాలుగు గంటల నలభై ఒక్క నిమిషాలు. ఆ చలికాలం మా ఊళ్లో జరిగే పరుగులో దాన్ని నాలుగున్నరకు దించాలని పంతం. అందుకే వారానికి ఐదు రోజులు పరుగు, ఆదివారం లాంగ్ రన్.

ఆ రోజు ఇంటికొచ్చి వాచీలోని లెక్కలు ఫోన్‌లో చూసుకున్నాను. నాకు గుర్తులేని రెండు కిలోమీటర్లే అన్నిటికంటే వేగంగా పరిగెత్తాను. ఒక్కోటీ ఐదు నిమిషాల్లోపు. మామూలుగా నా వల్ల అయ్యే పని కాదు. ప్రసాద్‌కు చూపించాను.

"బాగా పుంజుకున్నావే. ఏం తిన్నావేంటి?" అన్నారు.

నేను నవ్వేసి ఊరుకున్నాను. పరధ్యానంలో పరిగెత్తానని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అంకెలు చూసి సంతోషించాను. ఈ అనుభవం మొత్తంలో నేను సిగ్గుపడేది అక్కడే.

జూలైలో అది మూడు నాలుగుసార్లు వచ్చింది. వాసన, కడుపులో ఎగదన్నడం, ఆ తర్వాత ఎడమ భుజం వెనక ఒక మనిషి. అడుగుల చప్పుడు ఉండేది కాదు. ఊపిరీ తగిలేది కాదు. అయినా మనిషి ఉన్నట్టు కచ్చితంగా తెలిసేది, చీకటి గదిలో ఎవరో కూర్చుని ఉంటే తెలిసినట్టు. తిరిగి చూస్తే ఖాళీ కట్ట, ఇద్దరు పాలవాళ్లు, దూరంగా ఒక ఆటో. ముందుకు తిరిగితే మళ్లీ వెనకే ఉండేది. ఒకసారి స్కూల్లో అసెంబ్లీ జరుగుతుండగా కూడా వచ్చింది. పిల్లలు జనగణమన పాడుతున్నారు, నేను కుడి పక్కకు జరిగి ఆ మనిషికి చోటిచ్చాను. తెలుగు టీచరు నన్ను వింతగా చూసింది.

అప్పుడొకసారి ఫోన్‌లో దారి బొమ్మను పెద్దది చేసి చూశాను. నేను పరిగెత్తిన గీత కరకట్ట వెంట తిన్నగా సాగి, ఒకచోట కట్ట దిగి, లంక మధ్యగా ఏటి వైపు పోయింది. నీళ్ల అంచున ఆగింది. అక్కడి నుంచి మళ్లీ కట్ట మీదికి వచ్చింది. నేను ఎప్పుడూ ఆ దారిన దిగలేదు. పాత ఆదివారాలవి తెరిచాను. ఇంకొక గీత కూడా అక్కడికే వెళ్లింది. ఆ ఫోన్‌ను బల్ల మీద బోర్లించేశాను. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే పరుగు మాన్పిస్తారని భయం.

ఆగస్టు మొదటి వారంలో నాకు తెలివి వచ్చేసరికి చీలమండల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. ఒక పెద్దావిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. ఒడ్డున పడవ, పడవలో తడి వల.

"ఎవరండీ మీరు?" అన్నాను.

"నాంచారమ్మని. చేపలోళ్లం. నువ్వు బడిపంతులమ్మవంటగా, పాలబ్బాయి చెప్పాడు. ఇది మూడోసారమ్మా నువ్విట్టా రావడం."

"మూడోసారా?"

"రెండుసార్లు నీళ్లదాకా వచ్చి ఆగిపోయావు. పిలిస్తే పలకలేదు. ఇయ్యాల దిగావు. నీళ్లు పెరుగుతున్నాయి, బ్యారేజీ గేట్లు ఎత్తారు. అందుకని పట్టుకున్నా." గొంతు తగ్గించి అడిగింది. "ఎవరితో మాట్లాడతావమ్మా?"

"నేనేం మాట్లాడాను?"

"వస్తన్నా, వస్తన్నా అంటావు. అవతలి ఒడ్డుకి చూస్తా."

అవతలి ఒడ్డున ఏమీ లేదు. ఇసుక, రెల్లు. ఆ రేవులో చాలా ఏళ్ల కిందట ఒకావిడ మునిగిపోయిందని, ఆవిడే పిలుస్తోందని నాంచారమ్మ నమ్మకం. నేనలాంటివి నమ్మను. కానీ ఆ పొద్దున ఆవిడ మాట కాదనడానికి నా దగ్గర వేరే మాట లేదు.

ఇంటికెళ్లి ప్రసాద్‌కు మొత్తం చెప్పాను. ఆయన సాంతం విని, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని ఒక్క మాట అడిగారు. ఆదివారం మా పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "రేపే న్యూరాలజిస్ట్‌కి చూపించండమ్మా, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు.

విజయవాడలో న్యూరాలజిస్ట్ నేను చెప్పినదంతా రాసుకున్నారు. "వాసన, భయం, ఎవరో ఉన్నట్టు అనిపించడం, ఇంతవరకు మీరు చెప్పగలరు. ఆ తర్వాత సంగతి మీరు చెప్పలేరు, మీకు తెలియదు కాబట్టి. చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

రెండో అపాయింట్‌మెంట్‌కు నాంచారమ్మను తీసుకెళ్లాం. పొద్దుటి చేపలు అమ్ముకుని, చీర మార్చుకుని వచ్చింది. మునిగిపోయిన మనిషి సంగతితోనే మొదలుపెట్టింది. డాక్టరుగారు అడ్డు చెప్పలేదు.

"సరేనమ్మా, ఆ పిలుపు వచ్చినప్పుడు ఈవిడ ఏం చేస్తున్నారు? ముఖం ఎలా ఉంది?"

"మొహంలో మనిషి లేదండి. పెదాలు చప్పరిస్తది, ఏదో తింటన్నట్టు. ఒక చేత్తో చొక్కా అంచు పీకుతా ఉంటది. రెండో చెయ్యి కొయ్యలాగా ఇట్టా మెలికపడి ఉంటది."

డాక్టరుగారు పెన్ను ఆపారు. "కొయ్యలా అయిన చెయ్యి ఏ చెయ్యి?"

ఆవిడ కళ్లు మూసుకుని, ఒడ్డున నిలబడ్డట్టే తిరిగి నిలబడి, "ఎడమ చెయ్యండి. నేను పట్టుకుంది అదే," అంది.

"ఫోకల్ సీజర్స్, అంటే మెదడులో ఒకచోటే పుట్టే ఫిట్స్ అయ్యుండొచ్చు. కుడి టెంపోరల్ లోబ్ నుంచి, అంటే కణత లోపలి మెదడు భాగం నుంచి వస్తున్నాయని నా అనుమానం. ఎంఆర్ఐ, ఈఈజీ చేస్తే తెలుస్తుంది," అన్నారాయన నా వైపు తిరిగి. "మీ చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా?"

రాలేదన్నాను. బయటికొచ్చి అవనిగడ్డలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడిగాను. "ఏడాదిన్నరప్పుడు వచ్చిందే. అరగంట దాకా తగ్గలేదు. పోయావనే అనుకున్నాం. మళ్లీ ఎప్పుడూ రాలేదుగా, ఆడపిల్లవి, నలుగురికీ ఎందుకని ఊరుకున్నాం," అంది.

ఎంఆర్ఐలో కుడి పక్క చిన్న మచ్చ కనిపించింది. "మీసియల్ టెంపోరల్ స్క్లెరోసిస్. చిన్నప్పటి ఆ ఫిట్స్ వల్ల గట్టిపడిన చోటు కావచ్చు" అన్నారు. నలభై ఏళ్లు ఊరికే ఉండి ఇప్పుడు ఎందుకు లేచిందని అడిగాను. నిద్ర తక్కువ, అలసట ఎక్కువ కావడం కారణం కావచ్చు, కచ్చితంగా చెప్పలేనన్నారు. లెవెటిరాసెటామ్ టాబ్లెట్ రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బండి నడపకూడదు. నీళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు.

"పరుగు?"

"మానమని చెప్పను. ఒంటరిగా వద్దు. నిద్ర తగ్గించొద్దు."

మందు మొదలుపెట్టాక వాసన పోయింది. వెనక మనిషీ పోయింది. నా వేగం కూడా పోయింది. కాళ్లకు ఇసుక మూటలు కట్టినట్టుండేది. కోపం మాత్రం విపరీతంగా వచ్చేది. విజిల్ కనిపించలేదని ఒక పిల్లను ఏడిపించాను. ప్రసాద్ సైకిల్ మీద నా పక్కన వస్తూ "నీళ్లు తాగుతావా" అంటే కూడా అరిచేదాన్ని. అక్టోబరులో ముప్పై కిలోమీటర్ల లాంగ్ రన్ ఉందని, మత్తు లేకుండా పరిగెత్తాలని ముందురోజు రాత్రి టాబ్లెట్ మానేశాను. పొద్దుటిదీ మింగలేదు. ఆయనకు చెప్పలేదు.

ఆ పొద్దున జరిగింది నాకు తెలియదు. ప్రసాద్ చెప్పిందే రాస్తున్నాను.

పదో కిలోమీటరు దగ్గర నేను ఉన్నట్టుండి వేగం పెంచానట. ఆయన మొదట సంతోషపడ్డారు. తర్వాత నేను కట్ట దిగాను. ఆయన సైకిల్ పడేసి వెనక పరిగెత్తారు. ఆయన పరిగెత్తే మనిషి కాదు. నడుం లోతు నీళ్లలో నన్ను అందుకున్నారు. "నువ్వు నా మొహంలోకి చూశావు. చూసి, నన్ను దాటి వెనక ఎవరినో చూసి తలూపావు," అన్నారు. నన్ను ఇసుక మీదికి లాక్కొచ్చాక పూర్తి ఫిట్స్ వచ్చాయి. కళ్లు తెరిచేసరికి ఆంబులెన్స్. నాలుక తెగి, భుజం పట్టేసి ఉన్నాయి.

ఈ సంగతి చెప్పిన తర్వాత చాలా రోజులు ఆయన నా వైపు వీపు పెట్టి కూర్చునేవారు కాదు, నా చూపు ఎటుందో గమనిస్తూనే ఉండేవారు. ఎందుకని నేను అడగలేదు.

డాక్టరుగారికి టాబ్లెట్లు మానిన సంగతి చెప్పాను. తిట్టలేదు. "కోపం ఈ మందు సైడ్ ఎఫెక్టే అయ్యుండొచ్చు. అది నాకు చెప్పి ఉంటే మార్చేవాణ్ని. మీరే మానేస్తే నేనేం చెయ్యగలను?" అన్నారు. లామోట్రిజిన్ మొదలుపెట్టారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే రమ్మని, డోసు మెల్లగా పెంచుతూ పోయారు. పాతది మెల్లగా తగ్గించారు. ఆ చలికాలం పరుగుకు నేను పోలేదు. డాబా మీద అటూ ఇటూ నడిచేదాన్ని.

వేసవిలో మళ్లీ మొదలుపెట్టాను. నిద్ర ఎనిమిది గంటలు. వారానికి నాలుగే రోజులు. కరకట్ట మానేసి బందరు రోడ్డు పక్క కాలనీల్లో చుట్లు, పక్కన ప్రసాద్ సైకిల్. నాకూ ఆయనకూ ఒక ఒప్పందం: వాసన వస్తే ఎక్కడుంటే అక్కడే కూర్చోవాలి. ఎన్ని కిలోమీటర్లయినా, ఎంత టైమయినా.

తర్వాతి చలికాలం మా ఊరి పరుగులో నిలబడ్డాను. నాలుగు చుట్ల దారి కాబట్టి ప్రసాద్ ఒకే మలుపు దగ్గర నిలబడి నన్ను చూడగలిగారు. చేతికి నా జబ్బు పేరు, ఆయన నంబరు రాసిన పట్టీ. ముప్పై నాలుగో కిలోమీటరు దాకా నాలుగున్నరకు తగ్గేలాగే వెళ్లాను. అప్పుడు మాడిన బెల్లం వాసన వచ్చింది.

ఒక్క క్షణం కూర్చోకూడదనుకున్నాను. నాలుగైదు అడుగులు వేశాను కూడా. తర్వాత రోడ్డు మీద కూర్చున్నాను. నీళ్లు పంచుతున్న అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందాంటీ?"

"నీకేమైనా వాసన వస్తోందా?"

"లేదాంటీ."

"కాసేపు నా దగ్గర కూర్చుంటావా?"

ఆ పిల్ల నా పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎడమ పక్కన. నేను దాని పేరు అడిగాను, అమ్మ పేరు, ఊరి పేరు, తిరిగి అన్నీ అప్పజెప్పాను. మాటలు జారిపోలేదు. వాసన పలచబడింది. ఆ నిమిషమున్నరలో నన్ను దాటి వెళ్లిన ప్రతి కాలూ నాకు గుర్తుంది.

లేచి మళ్లీ పరిగెత్తాను. ప్రసాద్ నిలబడిన మలుపులో ఆగకుండానే "వాసన వచ్చింది, కూర్చున్నాను," అన్నాను. ఆయన మిగిలిన దూరమంతా ఫుట్‌పాత్ మీద, చెప్పులతోనే, రొప్పుతూ నా వెంట వచ్చారు. నాలుగు గంటల ఇరవై ఏడు నిమిషాలు. నా పాత టైముకన్నా పద్నాలుగు నిమిషాలు తక్కువ. నాకంటే ఆయనే ఎక్కువ ఏడ్చారు.

డాక్టరుగారికి చెబితే, "కూర్చోవడం ఒప్పు. లేచి పరిగెత్తడం తప్పు. మీ పార్టిసిపేషన్ మెడల్ నాకు చూపించకండి," అన్నారు. కానీ చేతిలోకి తీసుకుని చూశారు. డోసు కొంచెం పెంచారు.

ఇది జరిగి ఏడాది దాటింది. మళ్లీ రాలేదు. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి టాబ్లెట్. స్కూల్లో ప్రిన్సిపల్‌కు, నా పిల్లలకు కూడా చెప్పాను. టీచరు కింద పడితే ఏం చెయ్యాలో, నోట్లో ఏమీ పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని వాళ్లకు నేర్పాను. నాంచారమ్మ వారానికోసారి మా వీధికి వస్తుంది. నాకు తగ్గింది మందులతో అని ఒప్పుకుంటుంది. ఆ రేవులో మాత్రం ఇప్పుడు పడవ కట్టదు. నేను వాదించను.

ఇలాంటిది మీకుగాని, మీ ఇంట్లో ఎవరికైనాగాని వస్తే చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సమయంలో మిమ్మల్ని చూసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆ మనిషి చదువుకోకపోయినా, దయ్యమని చెప్పినా, మీకు పరిచయం లేకపోయినా సరే, బతిమాలి తీసుకెళ్లండి. మీరు లేనప్పుడు మీ ఒంటిని చూసింది వాళ్లే.