ఎడమచేతి గోరింటాకు

పక్షవాతంతో సౌము కుడిచేయి పడిపోయినప్పుడు కెన్యా తీరంలోని లాము దీవిలో ఆడవాళ్లంతా అన్నది ఒకటే మాట: "ఇక పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టేదెవరు?" ఆమె కోసం బాధపడినవాళ్లు తక్కువ. సౌముకు ఒళ్లు మండింది. ఆ మంటే ఆమెను మంచం మీంచి లేపింది.

అంతలో తమ్ముడి కూతురు శంసాకు పెళ్లి కుదిరింది. మరదలు బతూలి వచ్చి గుమ్మంలోనే నసిగింది.

"ఏమీ అనుకోకు వదినా. మొంబాసా నుంచి ఒకావిణ్ణి పిలిపిస్తున్నాం. నల్లరంగు ప్యాకెట్టు తెస్తుందట, చిటికెలో అయిపోతుందట."

"ఆ రంగుకి మన పిల్లల చేతులు బొబ్బలెక్కింది మరిచిపోయావా? నేను పెడతాను."

"ఏ చేత్తో?" అనేసి బతూలి నాలుక కరుచుకుంది.

"దేవుడు రెండిచ్చాడు కదే!"

పెరట్లో ఆకు దూసి నీడన ఎండబెట్టింది సౌము. రోలు మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో దంచబోతే రోలు ఒరిగి ఆకంతా నేలపాలైంది. ఊడ్చి పారేసి మళ్లీ ఆకు దూసింది. ఈసారి దంచిన పొడిని పల్చటి గుడ్డలో జల్లించి, నిమ్మరసం, చిక్కటి టీ డికాషన్, లవంగనూనె కలిపి, ముద్ద తేనెలా సాగేదాకా కలియబెట్టి మూతపెట్టి నాననిచ్చింది. ప్లాస్టిక్ కాగితాన్ని పళ్లతో పట్టుకుని కోన్ చుట్టింది.

ఒళ్లో స్పర్శ లేకుండా పడివున్న కుడిచేతినే పలకగా చేసుకుంది. మొదటి గీత వానపాములా మెలికలు తిరిగింది. కడిగి మళ్లీ గీసింది. రోజులు గడిచేకొద్దీ ఆ చేయి మోచేతిదాకా ఎర్రబారింది.

"పెళ్లి శంసాకా, నీకా?" అని పక్కింటివాళ్లు నవ్వారు.

"ముసలాణ్ణెవణ్ణైనా చూడండి, రేపే నికా!" అంది.

సన్నని గీతల అల్లిక మాత్రం ఎడమచేతికి లొంగలేదు. ఒక మధ్యాహ్నం కోన్ గోడకేసి కొట్టి ఏడ్చింది. తర్వాత అల్లిక సంగతి వదిలేసి పెద్ద ఆకులు, లావు తీగలు పట్టుకుంది. అవి లొంగాయి.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే శంసా ఒక్కతే వచ్చింది. ఆ ఎర్రటి చేతిని తిప్పి తిప్పి చూసి, మణికట్టు దగ్గరి తీగమీద వేలుపెట్టింది.

"అత్తా, నాకిది కావాలి."

సౌము మొదలుపెట్టింది. ఇంకా ఒక చేయి పూర్తికాకముందే బతూలి రొప్పుతూ వచ్చింది.

"అక్కడ మొంబాసా ఆవిడ ఊరికే కూర్చునుందే శంసా, సిగ్గులేదూ!"

"ఆ గోరింటాకు గిన్నె ఇలా పట్టుకో. నాకు అందట్లేదు," అంది సౌము తలెత్తకుండా.

బతూలి కూతురి చేతిమీది తీగను వంగి చూసింది. తర్వాత చతికిలబడి గిన్నె పట్టుకుంది.

మర్నాటికి రంగు ముదురెరుపు తేలింది. శంసా ఎడమ అరచేతిలో ఒక పువ్వు వంకర పోయిందని సౌముకు తెలుసు. ఆ తర్వాత ఇంకొన్ని పెళ్లిళ్లకు గోరింటాకు పెట్టడానికి ఒప్పుకుంది. సన్నని అల్లిక అడిగినవాళ్లకు "నాకిప్పుడు రాదు" అని ముఖానే చెప్పేది.