గీజర్ల బండి యార్డులో ఆగిన రోజు

హయాత్ బాషా గారి గురించి చెప్పాలంటే ముందు ఆయన బండికున్న ఇనప పెట్టె గురించి చెప్పాలి. ట్రైలర్ పక్కన, చక్రాల మధ్య వేలాడే ఆ పెట్టె తలుపు కిందికి దించితే అదే వంటబల్ల. లోపల చిన్న గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, సంకటి కెలికే కట్టె, రాగిపిండి డబ్బా. అబుదాబి పక్కన ముసఫ్ఫాలోని మా గీజర్ల ఫ్యాక్టరీ నుంచి సౌదీకి సరుకు తోలే డ్రైవర్లలో అందరికంటే పాతవారు ఆయనే. రాయచోటి దగ్గర పల్లె. అబుదాబికి వచ్చిన కొత్తలో నీళ్ల ట్యాంకర్ తోలారు, తర్వాత కంకర, ఆ తర్వాత మా గీజర్లు.

"కంకర తోలినన్నాళ్లూ నన్నెవరూ ఆపల్యా. స్నానానికి నీళ్లు కాంచే పెట్టెలు తోలితే మాత్రం దొంగను చూసినట్టు చూస్తారమ్మా" అనేవారు.

ఆ కోపం నా మీదే. ఫ్యాక్టరీలో నాణ్యత కాగితాలు చూసేది నేను. పేరు స్నిగ్ధ, మాది ఏలూరు, ఇక్కడ ఉండేది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. గీజర్ షాక్ కొడుతుందా, వేడి మితిమీరితే దానంతటదే ఆగుతుందా అని ఇక్కడి ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ముద్ర వేయించి పంపేదాన్ని. సరిహద్దు దాటగానే అక్కడి వాళ్లు ఒక పెట్టె విప్పి మళ్లీ అదే పరీక్షకు పంపేవారు. ఫలితం వచ్చేదాకా బండి తనిఖీ యార్డులోనే. వేసవిలో అక్కడ నిలబడితే చెప్పుల అడుగులు మెత్తబడతాయట. బాషా గారు తిరిగి రాగానే మొహం కూడా కడుక్కోకుండా నా బల్ల దగ్గరికి వచ్చి, నాకూ ల్యాబుకూ కలిపి చీవాట్లు పెట్టి, అప్పుడు చాయ్ తాగేవారు.

గల్ఫ్ దేశాలన్నీ ఒకే ప్రమాణం పెట్టుకుని, ఒకచోట చేసిన పరీక్షను మిగతాచోట్ల ఒప్పుకోవాలన్న మాట ఎప్పటినుంచో నడుస్తోంది. అది మా సరుకు దాకా వచ్చేసరికి 2023 అయింది. దాని కోసం నేను తిరగని ఆఫీసు లేదు, పంపని ఫైలు లేదు. చివరికి ఆ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు ఫ్యాక్టరీలో అందరికీ లడ్డూలు పంచాను. బాషా గారికి రెండు ఇచ్చాను. ఇకనుంచి కాగితం చూపిస్తే చాలు, బండి యార్డులోకి పోనక్కర్లేదు, పక్క లైనులోంచి నేరుగా వెళ్లిపోవచ్చని చెప్పాను.

మొదటి ట్రిప్పు వెళ్లొచ్చారు. నా బల్ల దగ్గరికి రాలేదు. రెండోసారీ అంతే. తిట్లు తిన్నన్నాళ్లు తిన్నాను, ఒక్క మెచ్చుకోలుకు నోచుకోనా అని ఉక్రోషం వచ్చి నేనే లోడింగ్ దగ్గరికి వెళ్లాను.

"బండి బాగా పోతోందట కదా బాషా గారూ?"

"పోతాంది" అన్నారు. "పొయ్యి ముట్టించే తీరిక గూడా ల్యా." ఆ మొహం చూస్తే పీర్లను సాగనంపి వచ్చినట్టుంది.

గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఆయన తమ్ముడు మీరా హుస్సేన్ సౌదీలోని దమ్మాంలో ఒక కంపెనీ బండి తోలుతాడు. దుబాయ్ వచ్చి చెప్పులు, ప్లాస్టిక్ బొమ్మలు, నానా సరుకూ వేసుకుని వెనక్కి పోతాడు. ఆ సరుకు ఇప్పటికీ అదే యార్డులో ఆగుతుంది. అన్నదమ్ములకు ఊరికి వెళ్లే సెలవులు ఎన్నడూ కలవలేదు. వాళ్లిద్దరూ ఒక పళ్లెం ముందు కూర్చునేది ఆ యార్డులోనే. ముందు వచ్చినవాడు సంకటికి ఎసరు పెట్టాలి, వెనక వచ్చినవాడు కూర తేవాలి. వాళ్ల మధ్య ఉన్న నియమం అదొక్కటే, దానికి ఏ ఆఫీసు ముద్రా అక్కర్లేదు.

కొత్త కాగితం రావడానికి ముందు ట్రిప్పులో వాళ్లకు మాటామాటా వచ్చింది. మీరా భార్య షహర్బాను రాయచోటి మెయిన్ రోడ్డులో టైలరింగ్ షాపు పెట్టింది. బాషా గారు సంకటి ముద్ద పెడుతూ, "మన ఇంటి ఆడోళ్లు రోడ్డు మీద కూచోవల్నా?" అన్నారు. మీరా ముద్ద ముట్టకుండా పళ్లెం పక్కకు జరిపి లేచిపోయాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

"కంచం ముందర్నుంచి లేసిపోయినాడమ్మా. పోనీలే, మళ్లా ట్రిప్పులో ఆకలేస్తే వాడే వస్తాడనుకొన్యా. అంతలోకి నీ కాగితం వచ్చె."

నాకు జాలి వేయాల్సింది. ముందు ఒళ్లు మండింది. "నేను కూడా రోడ్డు మీద కూర్చున్నదాన్నేగా బాషా గారూ? నా కాగితం పట్టుకునేగా మీరు సరిహద్దు దాటేది?" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. "తప్పు నాదే."

"అయితే ఆ మాట తమ్ముడికి మెసేజ్ పెట్టండి."

"అన్నం ముందర అన్న మాటకు అన్నం ముందరే తప్పు చెప్పల్ల. ఫోన్‌లో సారీ అని మెసేజ్ పెట్టేదానికి నేనేమన్నా కంపెనీనా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ రోజు ఆ సామెత ఆయనకు వినిపించేలా అనేసి వచ్చేశాను. పక్క లైనులో బండి ఆపడానికి వీల్లేదు, ఆపితే గార్డు యల్లా యల్లా అని తరుముతాడు. కావాలని యార్డులోకి పోవడానికి దారే లేదనుకున్నాను.

తర్వాతి ట్రిప్పుకు సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేత్తోనే ఇచ్చాను. మర్నాడు పొద్దున సరిహద్దు నుంచి క్లియరింగ్ ఏజెంట్ ఫోన్. మా బండిని యార్డులో పెట్టారు. డ్రైవర్ దగ్గర కాగితం లేదట.

బాషా గారికి ఫోన్ చేశాను. ఆయన తాపీగా, "సీటు కింద ఉండాదమ్మా" అన్నారు.

"ఉంటే ఇవ్వండి మరి!"

"మీరా బండి నా వెనకాలే వరసలో ఉండాది. నేను ఎసరు పెట్టినా. వాడు ఇంకా బండి దిగల్యా."

అంతలో మా ముదీర్, అంటే మేనేజర్, వచ్చి నా బల్ల మీద వేలితో కొట్టారు. దమ్మాం కస్టమర్ అడుగుతున్నాడు, బండి ఎందుకు ఆగింది? "అంతమందికి స్వీట్లు పంచిన సర్టిఫికెట్ ఇంతేనా?" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాపీ నా కంప్యూటర్‌లోనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఏజెంట్‌కు పోతుంది, బండి కదులుతుంది, నా పరువు నిలుస్తుంది.

"ఏజెంట్‌తో మాట్లాడుతున్నాను సార్. సాయంత్రంలోపు ఖలాస్" అన్నాను. ఆయన నమ్మనట్టు చూసి వెళ్లిపోయారు.

మళ్లీ ఫోన్ తీశాను. "బాషా గారూ, కాపీ నా దగ్గరే ఉంది, పంపకుండా ఆగుతాను. తమ్ముణ్ణి క్షమించమని సరిగ్గా అడుగుతారా, లేకపోతే అయిందేదో అయిందని తేల్చేస్తారా?"

"అడుగుతానమ్మా. షహర్బానుకు గూడా ఫోన్ చేసి అడుగుతా, వాని ఎదురుగానే."

"మీ తమ్ముడు రాకపోతే?"

గిన్నెలో కట్టె తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తెరవలేదు. ముదీర్ మరోసారి వచ్చి గోడ గడియారం చూసి వెళ్లారు, అదే ఎక్కువ బాధ పెట్టింది. ఆ కాగితం బండ్లు ఆగకూడదని తెచ్చాను. ఇప్పుడు బండిని ఆపుతున్నది నేనే. ఇంకొంచెం చూసి పంపేద్దామనుకుని మౌస్ మీద చెయ్యి పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను.

ఫోన్ మోగింది.

"స్నిగ్ధమ్మా" అన్నారు. మాట ముద్దముద్దగా వస్తోంది, నోట్లో సంకటి ఉన్నట్టుంది. వెనక నుంచి ఇంకో గొంతు, "ఉప్పు తక్కువైంది న్నా" అని విసుక్కుంటోంది.

"తిన్నాడమ్మా" అన్నారు బాషా గారు. "ఇంక ఆ కాగితం పంపించు."